అత్తమ్మ ముక్కు మీది పుట్టుమచ్చ నుంచి రక్తం వస్తోంది, లేజర్‌తో తీయించొచ్చా?

కాడుగోడి_కోడలు
అందరికీ నమస్కారం. మా అత్తమ్మకు యాభై తొమ్మిదేళ్లు, ఊరు హిందూపురం. సంక్రాంతి అయ్యాక బెంగళూరు వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. ముక్కుపుడకకు కాస్త పైన ఆమెకు నల్లటి పుట్టుమచ్చ ఉంది. ఎప్పటినుంచో ఉన్నదే అంటారు. కానీ మా పెళ్లి ఫోటోలు జూమ్ చేసి చూస్తే అక్కడ ఏదో చుక్క ఉందా లేదా అన్నట్టుంది. ఇప్పుడు కందిబద్దంత అయింది. అంచు కాస్త మెరుస్తోంది. ముఖం తుడుచుకున్నప్పుడల్లా కొంగుకు రక్తపు చుక్క అంటుతోంది. పైన పొక్కు కట్టడం, రాలడం, మళ్లీ కట్టడం. నొప్పి లేదు, దురద లేదు. పుడక రాసుకుని అలా అవుతోందని ఆమె నమ్మకం. పోనీ కొన్నాళ్లు పుడక తీసి పెట్టండి అంటే వినరు.

మా వీధి చివర ఒక స్కిన్ అండ్ హెయిర్ క్లినిక్ ఉంది. అడిగితే "పది నిమిషాల్లో లేజర్‌తో తీసేస్తాం మేడమ్, మూడు మచ్చలకు ప్యాకేజీ అయితే తక్కువ పడుతుంది" అన్నారు. పరీక్ష ఊసే లేదు. మా ఆడపడుచేమో "కత్తి తగిలితే లేనిపోనిది పాకుతుంది, ముట్టుకోవద్దు" అని ఫోన్లో ఒకటే గోల. మా ఆయన ఎప్పటిలాగే "నువ్వే ఏదో ఒకటి తేల్చు" అన్నారు. తీయించాలా, వదిలేయాలా? డాక్టర్‌కు చూపించాలంటే ఏ డాక్టర్‌కు?

మదనపల్లె_టమాటా
మా అమ్మమ్మ సున్నం, చాకలి సోడా కలిపి చీపురు పుల్లతో చుక్క పెట్టేది. నల్లగా మాడి దానంతట అదే రాలిపోయేది. మా నాన్న మెడ మీద పులిపిర్లకు గుర్రపు వెంట్రుక కట్టారు. రూపాయి ఖర్చు లేదు. ఇంతదానికి టెన్షన్ ఎందుకండీ?

డీవీఎల్_పీజీ
టమాటా గారూ, మెడ మీద వేలాడే పులిపిరి వేరు, ముఖం మీద రక్తం వచ్చే మచ్చ వేరు. దయచేసి సున్నం పెట్టించకండి.

నేను నగరంలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. చూడకుండా ఇదీ జబ్బు అని చెప్పలేను. కానీ అక్కా, మీరు రాసినవాటిలో నాలుగు మాటలు నన్ను ఆపాయి. యాభై దాటాక మచ్చ పెరగడం, దెబ్బ తగలకుండానే రక్తం రావడం, పొక్కు రాలి మళ్లీ కట్టడం, మెరిసే అంచు. ముక్కు, కళ్ల చుట్టుపక్కల ఇలా కనిపిస్తే మేం ముందు అనుమానించేది బేసల్ సెల్ కార్సినోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్. పుస్తకాల్లో ఫోటోలన్నీ తెల్లవాళ్లవి కాబట్టి అది గులాబీ రంగు ముత్యంలా ఉంటుందని చదువుకుంటాం. మన చర్మంలో మాత్రం చాలావరకు నల్లగానే ఉంటుంది, అందుకే ఇంట్లోవాళ్లు పుట్టుమచ్చ అనుకుంటారు. వయసుతో వచ్చే మామూలు సెబొరిక్ కెరటోసిస్ కూడా రాపిడికి ఇలాగే రక్తం కారొచ్చు, అది ప్రమాదం లేనిది. రెండింటినీ వట్టి కంటితో విడదీయడం మాకే ఒక్కోసారి కష్టం.

నొప్పి లేదు కదా అని ధైర్యపడకండి. ఇలాంటివి మొదట్లో నొప్పి పెట్టవు.

లేజర్ మాత్రం ఇప్పుడు వద్దే వద్దు. కాల్చేసిన మచ్చను ల్యాబ్‌కు పంపలేం. పైన నున్నగా అయిపోతుంది, అడుగున ఏమైనా మిగిలితే చర్మం కింద దాని పని అది చేసుకుపోతుంది. మళ్లీ బయటపడేసరికి ఏళ్లు గడుస్తాయి. ముందు అదేమిటో తేలాలి, తీయడం ఆ తర్వాతి మాట.

ఏ డాక్టర్ అంటే, పేరు పక్కన ఎండీ డీవీఎల్, డీడీవీఎల్ లేదా చర్మవ్యాధుల్లో డీఎన్‌బీ ఉన్నవాళ్లు. బోర్డు మీద కాస్మెటాలజిస్ట్ అని మాత్రమే ఉంటే డిగ్రీ ఏమిటో అడగండి, మొహమాటం అక్కర్లేదు.

పంచాంగం_ప్రేమికుడు
పుట్టుమచ్చల శాస్త్రంలో ఒక్కో చోటికి ఒక్కో ఫలం రాశారు. అరికాల్లో ఉంటే దేశాలు తిరుగుతారు. ఉన్నదాన్ని తీయించుకోవడం మంచిది కాదని పెద్దలు ఊరికే అనలేదు. నా అభిప్రాయం చెప్పానంతే.

తుంగభద్ర
మా నాన్నకు అరికాల్లోనే ఉండేది. దేశాలు తిరగలేదు గానీ, మంత్రాలయం దగ్గర మా ఊరి నుంచి బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రికి తిరిగాం.

చెప్పుల్లేకుండా చేలో తిరిగే మనిషి. మడమ దగ్గర నల్లటి మచ్చ కనిపిస్తే ముల్లు విరిగి లోపల ఉండిపోయిందనుకున్నారు. తర్వాత ఆనికాయ అనుకున్నారు. మెడికల్ షాపులో దొరికే ఆనికాయ పట్టీలు అంటించుకుని, మెత్తబడ్డాక బ్లేడుతో చెక్కేవారు. మచ్చ ఒక పక్కకు పాకి, మధ్యలో పుండై, నీరు కారేదాకా మాలో ఎవరమూ ఆ కాలు తిప్పి చూడలేదు. పెద్దాయన కాలు పైకెత్తించి చూసే అలవాటు మన ఇళ్లలో ఎక్కడుంది? దండం పెట్టినప్పుడు కూడా పాదాల పైభాగమే చూస్తాం. గజ్జల్లో బిళ్ల కట్టాక ఆస్పత్రికి తీసుకెళ్లాం. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అన్నారు. అప్పటికే పాకిపోయింది.

కోడలు గారూ, మీరు వెంటనే వెళ్లండి.

డీవీఎల్_పీజీ
తుంగభద్ర గారూ, చాలా బాధగా ఉంది. మీరు రాసింది ఇక్కడ అందరూ చదవాలి.

మెలనోమా మన దేశంలో అరుదు. ఏడాదికి లక్షమందిలో ఒక్కరికి కూడా రాదు. అందుకే ఆస్ట్రేలియాలోలాగా ఏటా ఒళ్లంతా చూపించుకోమని మేం ఎవరికీ చెప్పం. కానీ వచ్చినప్పుడు మనవాళ్లకు తరచుగా వచ్చేది ఎండ తగలని చోట, అంటే అరికాలు, అరచేయి, గోరు కింద. సన్‌స్క్రీన్‌తో దీనికి పెద్దగా సంబంధం లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఇదే. 1977లో బయటపడింది. ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు ముందు. 1981లో, 36 ఏళ్లకే పోయాడు. అంత పేరూ డబ్బూ ఉన్నవాడి విషయంలోనూ దెబ్బేనని అనుకున్నారు. మన చేలల్లో ముల్లు అనుకోవడంలో వింతేముంది?

ఆనికాయ అని చెక్కుతున్నది నల్లగా ఉంటే, చెక్కేకొద్దీ నలుపు పోకపోతే, పట్టీలు ఆపి చూపించండి. షుగర్ ఉన్నవాళ్ల పాదం ఎలాగూ రోజూ చూసుకోమంటాం. ఆ చూసేదేదో కాలివేళ్ల సందుల్లో కూడా చూడండి.

బెళ్ళందూరు_బాధితుడు
ఇది చదివాక నిద్ర పట్టలేదు. నాకు వీపు మీద, చేతుల మీద కలిపి లెక్కలేనన్ని మచ్చలు. భుజం మీది మచ్చలోంచి రెండు వెంట్రుకలు కూడా వచ్చాయి. ఒక యాప్‌లో ఫోటో పెడితే "అనుమానాస్పదం, నిపుణుడిని కలవండి" అంది. ఇంకో మచ్చ పెడితే అదీ అనుమానాస్పదమే. మా టేబుల్ మీద పడిన కాఫీ మరక పెట్టాను, దానికీ అదే మాట. మన చర్మానికి ఈ యాప్‌లు పనికొస్తాయా?

అన్నట్టు నా పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తింపు చిహ్నం ఆ భుజం మీది మచ్చే. తీసేస్తే నేను నేనే అని రుజువు ఎలా?

మదనపల్లె_టమాటా
కాఫీ మరకకు బయాప్సీ చేయించు బ్రో 😂

డీవీఎల్_పీజీ
బాధితుడు గారూ, సర్టిఫికెట్ గురించి దిగులు వద్దు, పాస్‌పోర్టు ఆఫీసులో కూడా ఎవరూ చొక్కా విప్పమనరు.

వెంట్రుకలు వస్తే మంచిదే. వెంట్రుక మొలిచే మచ్చ సాధారణంగా చిన్నప్పటి నుంచి ఉన్న మామూలు మచ్చే అయి ఉంటుంది. ఎన్ని ఉన్నాయన్నదానికంటే మిగతావాటితో కలవనిది ఏదైనా ఉందా అన్నది చూడండి. ఒకే మనిషి ఒంటి మీది మచ్చలు చాలావరకు ఒకే పోలికతో ఉంటాయి. అన్నీ లేత గోధుమ రంగులో గుండ్రంగా ఉండి, ఒకటే నల్లగా, వంకరగా ఉందనుకోండి, దాన్ని చూపించాలి. మిగతావాటి జోలికి పోనక్కర్లేదు.

ఏ, బీ, సీ, డీ, ఈ అని ఇంటర్నెట్ నిండా కనిపించే లెక్క కూడా ఉంది. మొదటి నాలుగు అక్షరాలు 1985లో న్యూయార్క్ డాక్టర్లు పెట్టినవి. మచ్చను మధ్యకు గీత గీస్తే రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు చెదిరి ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మిల్లీమీటర్లు దాటడం. 2004లో ఐదోది చేర్చారు, అంటే మార్పు. నన్నడిగితే మొదటి నాలుగూ మర్చిపోయినా ఈ ఐదోది గుర్తుంటే చాలు. 6 మిల్లీమీటర్లు దాటిన మామూలు మచ్చలు బోలెడు, అంతకంటే చిన్న మెలనోమాలూ ఉన్నాయి. వారాల్లో, నెలల్లో మారుతున్న మచ్చ మాత్రం ఏ సైజులో ఉన్నా చూపించాల్సిందే. ఈ లెక్కకు అందకుండా గుండ్రంగా, ఒకే రంగులో, గట్టి బొడిపెలా త్వరగా పెరిగే రకం మెలనోమా కూడా ఉంది.

యాప్‌ల సంగతి అంటారా, వాటికి నేర్పిన ఫోటోలు ఎక్కువగా తెల్లచర్మానివి. అరికాలు, గోళ్ల ఫోటోలు మరీ తక్కువ. ఫోన్‌ను మీరే వాడుకోండి: అదే వెలుగులో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ తీసి పోల్చండి. వీపుది మీ ఆవిడతో తీయించండి. అయితే రక్తం కారేదాన్ని, త్వరగా పెరిగేదాన్ని ఇలా నెలల తరబడి చూస్తూ కూర్చోకూడదు.

హోసారోడ్డు_మామ
నేను ఒక్క మాట అంటాను, కోప్పడకండి. ఈ ఊళ్లో దేనికి వెళ్లినా ఒక పరీక్ష, ఒక స్కానింగ్. అరవై ఏళ్లుగా ఒంటినిండా మచ్చలతోనే బతుకుతున్నాను. ముఖం మీద చిన్న చిన్న నల్ల గింజలు మా వంశంలో అందరికీ ఉన్నాయి. అన్నీ కోయించుకుంటూ పోతే మనిషి మిగలడు. జనాన్ని ఇలా భయపెట్టడం కూడా వ్యాపారమే కదా?

డీవీఎల్_పీజీ
మామగారూ, మీ ముఖం మీద చిన్న గింజలు వంశంలో అందరికీ ఉన్నాయంటే అవి చాలావరకు డీపీఎన్ (డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా) అనేవి అయి ఉంటాయి, ఏ ప్రమాదమూ లేదు. వాటిని కోయించుకోమని ఏ మంచి డాక్టరూ చెప్పడు. ఓపీలో మచ్చ చూపించుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమందిని మేం "ఏం లేదు, వెళ్లిరండి" అనే పంపిస్తాం. డెర్మోస్కోప్ అనే చేతి పరికరం ఉంటుంది, పది రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, చర్మం పైపొర కింద ఏముందో తెలుస్తుంది. సూది లేదు, నొప్పి లేదు. దాంతోనే సగం అనుమానాలు తీరిపోతాయి. వ్యాపారం అంటే మూడు మచ్చల ప్యాకేజీ, అక్కడ మీరన్నది నిజం.

హోసారోడ్డు_మామ
ఆ ప్యాకేజీ మాట నేనూ ఒప్పుకుంటాను.

గాజుపలక
నేను పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. కోడలు గారి ఆడపడుచు అన్న మాట రోజూ వింటుంటాం, అందుకే రాస్తున్నాను.

కత్తి తగిలితే క్యాన్సర్ పాకదు. మరి ఊళ్లో అంతమంది అలా ఎందుకు చెబుతారంటే, వాళ్లు చూసింది అదే. ముదిరిపోయాక ఆస్పత్రికి వెళ్తారు, అప్పుడు కోస్తారు, కొన్ని నెలలకు మనిషి పోతాడు. కోత కళ్లకు కనిపించింది, అంతకుముందు ఏళ్ల తరబడి లోపల పాకింది ఎవరికీ కనిపించలేదు. నింద కత్తి మీద పడుతుంది.

బయాప్సీ అంటే పరీక్షకు చిన్న ముక్క తీయడం. ఆ ముక్క ల్యాబ్‌కు ఎలా వస్తుందో చెబుతాను. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఫార్మలిన్ పోసి అందులో వేస్తారు. ఉప్పునీళ్లలోనో, ఉత్త దూదిలోనో చుట్టి తెచ్చేవాళ్లున్నారు, అలా తెస్తే కణాలు పాడైపోతాయి. డబ్బా మీద పేరు, వయసు, ఏ వైపు ముక్కో రాసి ఉందా అని మీరే చూసుకోండి. ముక్కను మైనంలో పోతపోసి, వెంట్రుక కంటే పలచటి పొరలుగా కోసి, గాజుపలక మీద పరిచి రంగులు వేస్తాం. మామూలుగా వారం లోపు రిపోర్టు వస్తుంది. అనుమానం ఉంటే అదనపు రంగులు వేయాలి, అప్పుడు ఇంకొన్ని రోజులు పడుతుంది. ఆలస్యమైతే చెడ్డ వార్తే అనుకోకండి.

మెలనోమా అనుమానం ఉన్న మచ్చను వీలైతే చుట్టూ ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల అంచుతో మొత్తంగా తీసి పంపాలి. ఎందుకంటే మేం కొలిచేది లోతు. అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు 1970లో చెప్పిన కొలత అది, ఇప్పటికీ రోగి భవిష్యత్తు దానిమీదే ఎక్కువగా ఆధారపడుతుంది. పైపైన చెక్కి పంపితే లోతు తెలియదు. మిల్లీమీటరు కూడా లోతు లేనప్పుడు దొరికితే, ఆ చోట చుట్టూ ఇంకాస్త వెడల్పుగా మళ్లీ కోసి తీయడంతోనే చాలామందికి సరిపోతుంది.

మోడరేటర్
ఇద్దరు సభ్యులు పిల్లల ముఖాల ఫోటోలు పెట్టారు, తీసేశాం. మచ్చల ఫోటోలు కూడా ఇక్కడ పెట్టకండి.

కోరమంగల_పిన్ని
ఫోటో పెట్టను, మాటల్లో అడుగుతాను. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. వీపు మీది మచ్చ చుట్టూ తెల్లటి వలయం వచ్చింది. బొల్లి మొదలైందేమోనని భయం.

డీవీఎల్_పీజీ
ఆ వయసులో అలా రావడం మామూలే పిన్నీ. దాన్ని హేలో నీవస్ అంటారు. శరీరమే ఆ మచ్చను కరిగించుకుంటుంది, కొన్నేళ్లకు మచ్చ పోయి చర్మం రంగు తిరిగి వస్తుంది. వీలు చూసుకుని ఒకసారి చూపించండి, వేరేచోట తెల్లమచ్చలు ఉన్నాయేమో చూస్తారు. ఇదే నలభై దాటినవాళ్లకు కొత్తగా వస్తే మాత్రం కాస్త శ్రద్ధగా చూస్తాం.

కాడుగోడి_కోడలు
అందరికీ థాంక్స్. వెళ్లొచ్చాం. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

కాడుగోడిలో మెట్రో ఎక్కి ఎంజీ రోడ్‌లో దిగి ఆటోలో శివాజీనగర్ బౌరింగ్ ఆస్పత్రికి వెళ్లాం. పొద్దున్నే వెళ్లాలి, చీటీకి క్యూ ఉంటుంది. కన్నడ రాకపోయినా ఇబ్బంది పడలేదు, క్యూలో సగం మంది తెలుగో తమిళమో. డాక్టరమ్మ అత్తమ్మ ముఖం చూసి, చిన్న టార్చిలాంటిది మచ్చకు ఆనించి, దాన్ని ఫోన్‌కు తగిలించి నాకూ చూపించింది. బయటకు ఉత్త నలుపుగా కనిపించేది తెరమీద వేరేగా ఉంది: నీలం కలిసిన బూడిద రంగులో గుడ్డు ఆకారపు ముద్దలు, వాటి మీదుగా చెట్టుకొమ్మల్లా పలచటి ఎర్రటి నరాలు. తర్వాత చెప్పులు విప్పమని రెండు అరికాళ్లు, గోళ్లు కూడా చూసింది. "ముక్కు చూడమంటే కాలు చూస్తుందేమే" అని అత్తమ్మ నా చెవిలో గొణిగారు.

బయాప్సీ అదే రోజు చేశారు. పుడక తీసి కొంగుకు ముడేసుకున్నారు. మత్తు సూది వేసినప్పుడే అబ్బా అన్నారు, తర్వాత తెలియలేదట. ఒక కుట్టు. డబ్బా మీద పేరు, "ఎడమ ముక్కు" అని రాసి ఉందా అని గాజుపలక గారు చెప్పినట్టే చూసుకున్నాను.

రిపోర్టు వచ్చింది. పిగ్మెంటెడ్ బేసల్ సెల్ కార్సినోమా. కార్సినోమా అన్న మాట చూసి మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఆడపడుచు రాత్రి బస్సెక్కి వచ్చేసింది. అత్తమ్మ మాత్రం "తీసేస్తే పోతుందా పోదా, అది చెప్పండి" అంటున్నారు. డాక్టరమ్మ పోతుందనే చెప్పారు, సర్జరీకి పంపుతున్నారు. అడగాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి.

డీవీఎల్_పీజీ
అక్కా, అత్తమ్మ అడిగిందే సరైన ప్రశ్న. క్యాన్సర్లలో ఇది చాలా నెమ్మదైన రకం. వేరే అవయవాలకు పాకడం అత్యంత అరుదు. కానీ వదిలేస్తే ఉన్నచోటే తింటూ పోతుంది, ముక్కు దగ్గర కాబట్టి మృదులాస్థి దాకా వెళ్తుంది. ఇప్పుడు తీసేస్తే చాలామందికి కీమో, రేడియేషన్ అవసరం రాదు.

సర్జన్‌ను రెండు విషయాలు అడగండి. చుట్టూ ఎంత అంచు తీస్తారు (మామూలుగా 4 మిల్లీమీటర్లు), ఆ గుంతను ఎలా మూస్తారు. ముక్కు మీద చర్మం సాగదు కాబట్టి చెంప నుంచి జరపాల్సి రావచ్చు. కొన్నిచోట్ల మోస్ పద్ధతి ఉంటుంది. పొరపొరగా తీస్తూ అప్పటికప్పుడే సూక్ష్మదర్శినిలో చూస్తారు, ముక్కుకు అది బాగా నప్పుతుంది, కానీ అన్ని ఆస్పత్రుల్లో ఉండదు. తీసిన ముక్క రిపోర్టులో "అంచుల్లో కణాలు లేవు" అని ఉందో లేదో చదివించుకోండి. ఒకసారి వచ్చినవాళ్లకు ముఖం మీద ఇంకోటి రావచ్చు, అందుకే ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి చూపించాలి. గాయం పూర్తిగా మానేదాకా పుడక వద్దు.

హోసారోడ్డు_మామ
ఖర్చు సంగతి. ఇన్సూరెన్స్ ఉంటే ముందే అడగమ్మా. ఓపీలో చేసే బయాప్సీకి చాలా పాలసీలు ఇవ్వవు, డే కేర్ కింద చేసే సర్జరీకి ఇస్తాయి. రిపోర్టు ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకు, జిరాక్స్ ఇవ్వు.

తుంగభద్ర
త్వరగా వెళ్లారు, సంతోషం. ఆడపడుచు గారికి గాజుపలక గారి మాటలు చదివి వినిపించండి.

కాడుగోడి_కోడలు
వినిపించానండీ. "అయితే మా మామగారికి కూడా చూపించాలి, చెవి మీద ఏదో పుండు ఏడాదిగా మానడం లేదు" అంటోంది. ఇన్నాళ్లూ చెప్పలేదు.

డీవీఎల్_పీజీ
చెవి మీద ఏడాదిగా మానని పుండా! ఆయన్ని అత్తమ్మ సర్జరీ దాకా ఆపకండి. అనంతపురం వైపైతే అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలోనే చర్మవ్యాధుల ఓపీకి పంపండి, బెంగళూరు దాకా రానక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్
ఆలస్యంగా అడుగుతున్నాను. నాకు ముప్ఫై నాలుగు. కుడి బొటనవేలి గోరులో మొదలు నుంచి చివరదాకా గోధుమ రంగు గీత ఉంది. పోయినేడు సన్నగా ఉండేది, ఇప్పుడు వెడల్పైంది. తలుపులో పడి నలిగిందేమో, గుర్తులేదు. మిగతా గోళ్లకు ఏమీ లేదు.

డీవీఎల్_పీజీ
మన రంగువాళ్లకు నాలుగైదు గోళ్లలో సన్నటి గోధుమ గీతలు ఉండటం మామూలు, దానికి భయపడక్కర్లేదు. మీది ఒక్క గోరే, అదీ బొటనవేలు, పైగా వెడల్పవుతోంది. నలిగిన రక్తమైతే గోరుతోపాటు ముందుకు జరుగుతుంది. చేతి గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి ఆర్నెల్లలో కత్తిరించి పారేసేవారు. ఏడాదిగా మొదలు దగ్గరే ఉందంటే రక్తం కాకపోవచ్చు. గోరు మొదట్లో చర్మం కూడా నల్లబడిందేమో చూసుకోండి. నల్లబడినా పడకపోయినా ఈ వారంలోనే చూపించండి, షిఫ్ట్ అయ్యాక నేరుగా ఓపీకి వెళ్లిపోవచ్చు. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఏమైనా ఉంటే తీసేసి వెళ్లండి.

నైట్‌షిఫ్ట్
ఎల్లుండి ఆఫ్ ఉంది, వెళ్తాను. గోరింటాకు మాత్రం పోవడానికి టైం పడుతుంది, పోయిన వారమే చెల్లి పెళ్లి అయింది.

డీవీఎల్_పీజీ
పర్లేదు, అలాగే వెళ్లండి. గోరింటాకు అని ముందే చెప్పండి చాలు.